బిడారులో చివరివాడు

ఇస్లాం ప్రయాణాన్ని ఎన్నడూ తేలికగా తీసుకోలేదు. ప్రయాణం మనిషికి తిండిని, నీటిని, నిద్రను దూరం చేస్తుందని, అది ఒక విధమైన శిక్ష వంటిదేనని, వెళ్ళిన పని పూర్తి కాగానే త్వరగా ఇంటివారిని చేరుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధన ఒంటెల కాలానికి చెందినదనీ, చల్లని గాలి వీచే కార్లలో దానికి అర్థం లేదనీ భావించేవారు ఎవరైనా ఉంటే, రెండేళ్ల పసివాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకొని ఒక పూట ప్రయాణం చేసి చూడాలి. వాహనం మారింది గాని ప్రయాణ స్వభావం మారలేదు.

అయితే భూమిపై సంచరించమని, గత జాతుల పర్యవసానాన్ని కళ్లారా చూడమని దివ్యఖుర్ఆన్ అనేక చోట్ల మానవుణ్ణి పిలుస్తోంది. కనుక ప్రయాణం శ్రమే గాని వృథా శ్రమ కాదు. సెలవులు వచ్చినప్పుడు పిల్లాపాపలతో నాలుగు రోజులు బయలుదేరడం నేడు మన మధ్యతరగతి కుటుంబాల్లోనూ అలవాటుగా మారుతోంది. ఇది మంచి పరిణామమే. కాని ఆ నాలుగు రోజుల్లో పిల్లలకు నిజంగా ఏమి దక్కుతోంది? కొండలు, కోటలు, జలపాతాలు సరే. తండ్రి గద్దింపులు, తల్లి విసుగు, దాటిపోయిన నమాజులు, అర్ధరాత్రి దాటాక చేరిన వసతి గృహాలు కూడా వారి జ్ఞాపకాల్లో మిగిలిపోతున్నాయి. ఈ విషయమై మా అనుభవంలోని కొన్ని సంగతులను, ధర్మం మనకు ప్రసాదించిన కొన్ని సులువులను పాఠకులతో పంచుకోదలిచాము.

బిడారు నడకను నిర్ణయించేది ఎవరు?

దైవప్రవక్త (స) ప్రయాణ పద్ధతిని గురించి హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక విషయం మమ్మల్ని ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. ఆయన (స) బిడారులో వెనుకగా నడిచేవారు. నడవలేక వెనుకబడిన బలహీనులను ముందుకు సాగనంపేవారు, అవసరమైతే తన వాహనంపై వెనుక కూర్చోబెట్టుకునేవారు, వారికోసం దుఆ చేసేవారు. అంతటి సమూహానికి నాయకుడు తన చోటును చివరివాని పక్కన ఎంచుకున్నారన్నమాట.

నేటి మన కుటుంబ బిడారులో ఆ చివరివాడు ఎవరు? వెనుక సీటులో నిద్రపోతున్న పసివాడు. వాంతి వస్తోందని చెప్పడానికి కూడా మాటలు రానివాడు. మనం మాత్రం ప్రయాణ ప్రణాళికను మన బలాన్ని బట్టి, మన కోరికలను బట్టి వేసుకుంటాము. ఒక రోజులో ఐదు ప్రదేశాలు, ఐదు వందల కిలోమీటర్లు. ఆపై ఆ ప్రణాళిక చెడగొట్టాడని పిల్లవాణ్ణి నిందిస్తాము. పసివాడు ప్రణాళికను చెడగొట్టలేదు; ఆ ప్రణాళికలో అతనికి చోటే లేదు.

హజ్రత్ అంజషా (రజి) అనే సేవకుని ఉదంతం కూడా ఇటువంటిదే. ఆయన కంఠం మధురమైనది. ఆయన పాటకు ఒంటెలు ఉత్సాహంతో పరుగందుకునేవి. ఒక ప్రయాణంలో ఆ ఒంటెలపై స్త్రీలు ఉండగా, నెమ్మదిగా నడపమని దైవప్రవక్త (స) ఆయనను వారించారు. వారిని సున్నితమైన గాజు పాత్రలతో పోల్చారు. స్టీరింగు పట్టిన ప్రతి యువకుడూ గుర్తుంచుకోవలసిన ఉదంతమిది. వెనుక సీటులో గాజు పాత్రలు ఉన్నాయి.

బయలుదేరే ముందు

గత సంక్రాంతి సెలవుల్లో మేము గుంటూరు నుండి నంద్యాల మీదుగా బెలుం గుహలు, గండికోట చూసి రావాలని సంకల్పించాము. మేము, మా శ్రీమతి, మా కుమారుడు, కోడలు, ముగ్గురు పిల్లలు. పెద్ద మనుమరాలికి ఏడేళ్లు, మనుమడికి ఐదేళ్లు, చిన్నవాడికి రెండేళ్లు నిండలేదు.

ముగ్గురు కలిసి ప్రయాణించినా తమలో ఒకరిని అమీర్‌గా నియమించుకోవాలన్నది ప్రవక్త (స) బోధన. కారు నడిపేవాడు, దారి తెలిసినవాడు గనుక మా కుమారుణ్ణే అమీర్‌గా నిర్ణయించాము. ఇంట్లో పెద్దవారమైన మేము రోడ్డుపై అతని మాట వినవలసినవారమయ్యాము. దీనివల్ల కలిగే మేలు చిన్నది కాదు. ఎక్కడ ఆగాలి, ఎప్పుడు బయలుదేరాలి అన్న విషయంలో నలుగురు నాలుగు మాటలు అనుకోవడం పిల్లల ముందు జరగదు. పెద్దలు కూడా ఒకరి మాటకు కట్టుబడతారని పిల్లలు కళ్లారా చూస్తారు.

ఫజ్ర్ నమాజు ముగించుకొని వెంటనే బయలుదేరాము. ఉమ్మత్‌కు ఉదయ వేళల్లో శుభం కలగాలని దైవప్రవక్త (స) దుఆ చేశారు. ఆ వేళ రోడ్డు ఖాళీగా ఉంటుంది, ఎండ ఉండదు, పిల్లలు మొదటి రెండు గంటలు నిద్రలోనే గడిపేస్తారు. అదే రాత్రి ప్రయాణమైతే పిల్లలు నిద్రపోతారన్నది నిజమే గాని, డ్రైవరు కళ్లు కూడా మూతపడతాయి. పసివారున్న వాహనాన్ని మగ్రిబ్ తరువాత రోడ్డుపై ఉంచకూడదన్నది మా ఇంటి నియమం.

బెల్టు విషయం ఇంకొకటి. ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్న బోధనను మన ఉపన్యాసాల్లో తరచూ వింటుంటాము. కారులో ఆ తాడు పేరు సీటు బెల్టు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు బెల్టు లేదా పిల్లల ప్రత్యేక సీటు లేకుండా ప్రయాణించరాదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఉల్లంఘిస్తే 1000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి అటుంచితే, ముందు సీటులో తల్లి ఒడిలో పసిబిడ్డను కూర్చోబెట్టడం ప్రేమ అనిపించుకోదు. గట్టిగా బ్రేకు పడితే ఆ చేతులు బిడ్డను ఆపలేవు. మా చిన్నవాడికి ప్రత్యేక సీటును వెనుక బిగించాము. మొదటి అరగంట ఏడ్చాడు. ఆ తరువాత అదే తన సింహాసనమనుకున్నాడు.

ఇక తినుబండారాల సంగతి. దారిలో దొరికే మాంసం హలాలో కాదో అన్న సందేహం ఒకవైపు, పిల్లల కడుపు మరొకవైపు. ఈ రెంటికీ పరిష్కారం ఇంటి వంటే. మా శ్రీమతి, కోడలు కలిసి రొట్టెలు, ఉడికించిన గుడ్లు, పెరుగన్నం, అరటిపళ్లు సర్దారు. వీటితోపాటు ఒక జానమాజ్, నీళ్ల డబ్బా, పాత తువ్వాళ్లు, ప్లాస్టిక్ సంచులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉంటే చాలు. ఘాట్ రోడ్డు ఎక్కే ముందు పిల్లలకు కడుపునిండా పెట్టకూడదు, చేతికి ఫోను ఇవ్వకూడదు. తలవంచి తెరను చూసే పిల్లవాడికి వాంతి తప్పదు.

ఒక చెప్పు, ఒక కంఠహారం

వినుకొండలో అల్పాహారం ముగించి, కంభం దాటాక ఒక టీ దుకాణం వద్ద ఆగాము. పిల్లలు కాసేపు అక్కడి వేపచెట్టు కింద ఆడుకున్నారు. మళ్లీ బయలుదేరి గిద్దలూరు చేరేసరికి మనుమడి కాలికి ఒకే చెప్పు ఉంది. రెండవది దుకాణం వద్దే జారిపోయింది. పన్నెండు కిలోమీటర్లు వెనక్కి వెళ్లాలి. వెళితే ఆ సాయంత్రం బెలుం గుహలు చూడడం కుదరదు. గిద్దలూరులో కొత్త చెప్పుల జత కొనడం ఐదు నిమిషాల పని. పైగా అది ఖరీదైన చెప్పు కూడా కాదు. కాని అది వాళ్ల అమ్మమ్మ పండుగకు కొనిచ్చిన చెప్పు. వాడు గట్టిగా ఏడవడం లేదు. పెదవులు బిగించి కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. అది చూసి కోడలు ఏమీ అనలేక ఊరుకుంది.

మా కుమారుడు అద్దంలోంచి వాణ్ణి ఒకసారి చూశాడు. "అబ్బా, వెనక్కి తిప్పుతున్నాను" అన్నాడు. అమీర్ నిర్ణయం గనుక ఎవరూ ఎదురు చెప్పలేదు.

తిరిగి వెళ్లే దారిలో పిల్లలకు మేము ఒక ఉదంతం చెప్పాము. ఒక ప్రయాణంలో విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) కంఠహారం తెగి ఎక్కడో పడిపోయింది. దానికోసం దైవప్రవక్త (స) ఆగిపోయారు. ఆయనతోపాటు బిడారంతా ఆగిపోయింది. అక్కడ నీళ్లు లేవు, ప్రజల వద్దా నీళ్లు లేవు. హజ్రత్ అబూబక్ర్ (రజి) తన కుమార్తె వద్దకు వచ్చి, నీ మూలాన అందరూ నీళ్లు లేని చోట చిక్కుకుపోయారని మందలించారు. దైవప్రవక్త (స) మాత్రం ఒక్క మాట అనలేదు. తెల్లవారేసరికి అల్లాహ్ తయమ్ముమ్ ఆదేశాన్ని అవతరింపజేశాడు. నీళ్లు దొరకని ప్రతి విశ్వాసికీ, లేవలేని ప్రతి రోగికీ ప్రళయం వరకు పరిశుభ్రమైన మట్టి వుజూకు బదులుగా నిలిచింది. ఇది అబూబక్ర్ కుటుంబం ద్వారా లభించిన మొదటి శుభమేమీ కాదని హజ్రత్ ఉసైద్ బిన్ హుజైర్ (రజి) సంతోషించారు. చివరికి ఒంటెను లేపినప్పుడు హారం దాని కిందే దొరికింది.

"అయితే మనకేమి దొరుకుతుంది దాదా?" అని అడిగింది మనుమరాలు.

టీ దుకాణం వద్ద మాకు చెప్పు దొరికింది. ఆ దుకాణం నడిపే పెద్దావిడ దానిని దుమ్ము దులిపి బల్లపై ఒక మూలన పెట్టి ఉంచింది. "పిల్లోడి చెప్పు, తిరుక్కోని వస్తారని ఎత్తి పెట్టినా నాయనా" అన్నది. మేమెవరమో ఆమెకు తెలియదు. మా గడ్డం, టోపీ చూసింది; మా కోడలి బురఖా చూసింది. ఆమె చూసినవాటిలో ముఖ్యమైనది మాత్రం పసివాడి ఒంటి కాలే. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మరొకసారి అందరం టీ తాగాము. మనుమరాలి ప్రశ్నకు సమాధానం అదేనని మేము విడమరచి చెప్పనవసరం లేకపోయింది. కారు ఎక్కాక "ఆ అమ్మకోసం దుఆ చేద్దామా?" అని తానే అడిగింది. ప్రయాణికుని దుఆ అంగీకరించబడుతుందని ఆమె మదరసాలో నేర్చుకుంది.

ఈ ఉదంతాన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. పిల్లవాడి వస్తువు పోయినప్పుడు, పాలు ఒలికినప్పుడు, దారిలో దుస్తులు పాడైనప్పుడు మన నోటి నుండి వచ్చే మొదటి మాటను అతడు మరచిపోడు. ఆ రోజు చూసిన కోట గోడలు మరచిపోతాడు గాని ఆ మాటను మరచిపోడు. హారం పోయినప్పటి మౌనం ప్రవక్త (స) మనకు నేర్పిన ప్రయాణ మర్యాద.

ఎక్కినప్పుడు తక్బీర్, దిగినప్పుడు తస్బీహ్

గిద్దలూరు దాటి దిగువమెట్ట మీదుగా వెళితే నల్లమల మొదలవుతుంది. దట్టమైన అడవి, మలుపు తరువాత మలుపు. పిల్లలకు అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. ఇక్కడ మాకు ఒక సున్నత్ అక్కరకు వచ్చింది. ప్రవక్త సహచరులు ప్రయాణంలో ఎత్తు ఎక్కేటప్పుడు తక్బీర్ పలికేవారు, పల్లానికి దిగేటప్పుడు తస్బీహ్ పలికేవారు. ఎత్తుకు చేరినప్పుడు మనకంటే గొప్పవాడు అల్లాహ్ అని తలచుకోవడం, పల్లానికి దిగినప్పుడు ఏ లోపమూ లేనివాడు ఆయనే అని కొనియాడడం ఇందులోని అంతరార్థమని పండితులు చెప్పారు.

పిల్లలకు ఈ అంతరార్థం చెప్పలేదు. బండి ఎక్కుతోందా, దిగుతోందా కనిపెట్టి చెప్పడమే వారి పని అన్నాము. మరుక్షణం నుండి వారి కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. "అల్లాహు అక్బర్!" అని ఒకరు, "కాదు, ఇప్పుడు దిగుతున్నాం, సుబ్‌హానల్లాహ్!" అని మరొకరు. కళ్లు ముందుకు ఉన్నందువల్ల కావచ్చు, ఎవరికీ వాంతి కాలేదు. మా కుమారుడు కూడా ప్రతి మలుపు వద్దా వేగం తగ్గించవలసి వచ్చింది. పిల్లలు తీర్పు చెప్పేదాకా ఆగాలి కదా. అడవి దాటి ఊళ్లలోకి వచ్చాక చిన్నవాడు ప్రతి స్పీడ్ బ్రేకరు మీదా వచ్చీరాని మాటలతో "అక్బల్" అని అరవడం మొదలుపెట్టాడు. అతని దృష్టిలో అది కూడా కొండే.

ధర్మాన్ని ప్రయాణంలో పాఠంగా చెప్పనవసరం లేదు. అది ప్రయాణంలోనే ఉంది. వాహనం ఎక్కినప్పటి దుఆను వారితో పలికించి, దాని భావం చెబితే చాలు: ఈ వాహనాన్ని మనకు వశం చేసినవాడు ఆయన, మన చివరి ప్రయాణం కూడా ఆయన వైపుకే.

తగ్గిన రెండు రకాతులు

జుహర్ వేళకు నంద్యాల ఇంకా కొంత దూరం ఉంది. రోడ్డుకు బాగా పక్కగా, ఒక చింతచెట్టు నీడలోకి బండిని దింపాము. రాత్రి వేళ మజిలీ చేసేవారు దారి మధ్యలో దిగకూడదని, దారి విడిచి దిగాలని, అది జంతువులు సంచరించే చోటని దైవప్రవక్త (స) హెచ్చరించారు. హైవే అంచున సగం రోడ్డు మీద, సగం మట్టి మీద బండి నిలిపి పిల్లలను దింపేవారు ఈ హెచ్చరికను ఒకసారి గుర్తుచేసుకోవాలి. నేడు ఆ దారిలో లారీలు వస్తాయి.

మనుమరాలితో ఖిబ్లా వెతికించాము. మన ప్రాంతానికి ఖిబ్లా పడమర దిక్కున, కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు ఎటు వాలుతున్నాడో చూసి, ఫోనులోని దిక్సూచితో సరిచూసి తానే జానమాజ్ పరిచింది. జుహర్ రెండు రకాతులతో ముగిసింది. సలాం చెప్పగానే ఆమె అటూ ఇటూ చూసింది.

"దాదా, ఇంకా రెండు ఉన్నాయి కదా! అవి ఎక్కడికి పోయాయి?"

ముసాఫిర్‌కు నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులు, అంటే జుహర్, అస్ర్, ఇషా, రెండేసి రకాతులవుతాయని, ఫజ్ర్, మగ్రిబ్ యథాతథంగా ఉంటాయని చెప్పాము. ఇదే ప్రశ్న హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త (స)ను అడిగారు: ఖుర్ఆన్‌లో భయమున్నప్పటి గురించి చెప్పబడింది, ఇప్పుడు భయం లేదు కదా అని. అది అల్లాహ్ మీకు ప్రసాదించిన దానమని, ఆ దానాన్ని స్వీకరించమని సమాధానం లభించింది.

"మనం అలసిపోయామని అల్లాహ్‌కు తెలుసా?" అన్నది మనుమరాలు.

"తెలుసు" అన్నాము.

ముప్పై ఏళ్లుగా ఖస్ర్ నమాజు నియమాలను మదరసాలో బోధిస్తున్నాము. ఎంత దూరానికి ఖస్ర్ వర్తిస్తుంది, హనఫీ మస్లక్‌లో మన పెద్దలు చెప్పినట్లు సుమారు 78 కిలోమీటర్ల దూరం సంకల్పించి ఊరి నివాసాలు దాటితే ముసాఫిర్ అవుతాడని, ఒకే చోట పదిహేను రోజులు లేదా అంతకు మించి ఉండాలని సంకల్పిస్తే ఖస్ర్ ఉండదని, స్థానిక ఇమాము వెనుక చదివితే నాలుగూ చదవాలని విద్యార్థులు కంఠస్థం చేస్తారు. ఇతర మస్లక్‌ల వారు తమ ఆలిములను సంప్రదించవచ్చు. కాని ఈ నియమాలన్నిటి వెనుక ఉన్న ఒక్క వాక్యం ఆ చింతచెట్టు కింద ఏడేళ్ల పిల్ల నోట వెలువడింది. మనం అలసిపోయామని ఆయనకు తెలుసు.

ఇక్కడ తల్లిదండ్రులు రెండు విధాలుగా దారి తప్పే ప్రమాదముంది. కొందరు ప్రయాణమంటే నమాజుకు సెలవు అనుకుంటారు. ఇంటికి వెళ్లాక అన్నీ కలిపి ఖజా చేసుకోవచ్చంటారు. అల్లాహ్ సగం తగ్గించి ఇచ్చినదాన్ని వీరు పూర్తిగా వదిలేస్తారు. సెలవుల్లో నమాజు ఉండదని పిల్లవాడు నేర్చుకుంటాడు. మరికొందరు నమాజు చదువుతారు గాని, తొందరలో పిల్లలను గద్దించి, చన్నీళ్లతో వుజూ చేయించి, ఏడిపించి చదివిస్తారు. నమాజు అంటే అలసటలో మీద పడే మరో బరువు అని ఆ పిల్లవాడు నేర్చుకుంటాడు. ఏడేళ్ల పిల్లలకు నమాజు చెప్పాలి, నిజమే. కాని సామూహిక నమాజులో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు కలత చెందుతుందని దైవప్రవక్త (స) నమాజును క్లుప్తం చేసేవారు. సజ్దాలో ఉండగా మనుమడు వీపెక్కితే, వాడు దిగేవరకు సజ్దాను పొడిగించారు. ఒకసారి పసివారికోసం తగ్గించారు, ఒకసారి పసివారికోసం పొడిగించారు.

మనం ఆలోచించవలసింది ఇదే. ప్రయాణంలో ప్రభువు తన హక్కునే సగానికి తగ్గించుకున్నాడు. మరి మనం పిల్లల నుండి ఆశించే క్రమశిక్షణను, మౌనాన్ని, ఓర్పును ఒక పాలు కూడా తగ్గించుకోమా? అల్లాహ్ నుండి రాయితీ పొందినవాడు తన కింద ఉన్నవారికి కూడా రాయితీ ఇవ్వాలి. ఖస్ర్ మనకు నేర్పే పాఠంలో ఇదీ ఒక భాగమని మా అభిప్రాయం.

గుహ, కోట

ఆ రాత్రి నంద్యాలలో గడిపి, మరునాడు ఉదయం పాణ్యం, బనగానపల్లె, అవుకు మీదుగా కొలిమిగుండ్ల వైపు సాగాము. బనగానపల్లె ఒకప్పుడు నవాబుల సంస్థానం. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. బేనిషాన్ మామిడికి పుట్టినిల్లు. దారి పొడవునా నాపరాళ్ల గుట్టలు పేర్చి ఉన్నాయి. ఆ రాయి తన ఇంటి నేలపై కూడా ఉందని మనుమడు గుర్తుపట్టాడు.

బెలుం గుహల పొడవు 3229 మీటర్లు. భూగర్భంలో ప్రవహించిన నీరు సున్నపురాయిని వేల ఏళ్లపాటు కరిగించి చేసిన దారులవి. బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటిని లోకం దృష్టికి తెచ్చాడు. 2002 నుండి సందర్శకులను అనుమతిస్తున్నారు. లోపల ఉక్కగా ఉంటుంది, మెట్లు తడిగా ఉంటాయి. కనుక చిన్నవాణ్ణి తీసుకొని కోడలు, మా శ్రీమతి కొంత దూరం వచ్చి వెనుదిరిగారు. పాతాళగంగ దాకా వెళ్లి తీరాలన్న పట్టుదల ఎవరికీ లేకపోయింది. చివరివాడు ఆగిన చోటే సగం బిడారు ఆగింది. మిగతా సగం త్వరగా చూసి వచ్చింది. ఆ తరువాత మా కుమారుడు చిన్నవాణ్ణి ఎత్తుకోగా వారిద్దరూ వెళ్లి తీరికగా చూసి వచ్చారు. పిల్లల తల్లి ప్రతి చోటా బయటే కూర్చోవడం మన ప్రయాణాల్లో ఎవరూ పట్టించుకోని అన్యాయం.

గుహలో మనుమడు మా చేయి గట్టిగా పట్టుకొని, "దాదా, అస్‌హాబె కహఫ్ ఇక్కడే పడుకున్నారా?" అని రహస్యంగా అడిగాడు. ఇక్కడ కాదని, వేరే దేశంలోనని చెప్పాము. "వాళ్ల కుక్క కూడానా?" అన్నాడు. విశ్వాసాన్ని కాపాడుకోవడానికి ఇల్లూ వాకిలీ విడిచిన ఆ యువకుల గాథను జుమా రోజుల్లో ఇంట్లో ఎన్నిసార్లు విన్నా, చీకటి, నీటిచుక్కల చప్పుడు, రాతి చల్లదనం తెలిసిన తరువాతే వాడికి అది నిజమైన గుహ అయింది. భూమిపై సంచరించమన్న పిలుపులో ఇటువంటి మేళ్లున్నాయి.

అక్కడి నుండి జమ్మలమడుగు మీదుగా గండికోట చేరాము. ఎర్రమల కొండలను పెన్నానది కోసుకుంటూ పోయిన లోయ అంచున ఉన్న కోట అది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దానిని స్వాధీనం చేసుకున్నాడు. లోపల విశాలమైన ప్రాంగణంతో జామియా మసీదు, దానికి దగ్గరలోనే ధాన్యాగారం, కొంత దూరంలో ఆలయాలు ఉన్నాయి. ఇంత బలమైన గోడలు కట్టినవారు, వాటిని గెలిచినవారు ఇద్దరూ నేడు లేరు. ఈ మాట పెద్దవారికి చాలు. పిల్లలకు గోడ మీద పాకే తొండలు చాలు. లోయ అంచున చాలా చోట్ల అడ్డుగోడ లేదు గనుక ఒక్కొక్క పిల్లవాడి చేయి ఒక్కొక్క పెద్దవారి చేతిలో ఉండాలన్నది అమీర్ ఆదేశం. ఫోటోలకు చేతులు ఖాళీ లేవు. మేము గండికోటను చూసిన ఆనవాలు ఎవరి ఫోనులోనూ పెద్దగా లేదు.

ఆ సంగతి కూడా ఒక మాట చెప్పాలి. బంధువులకు చూపించడానికి చేసే ప్రయాణం ఖర్చును పెంచుతుంది, అప్పు చేయిస్తుంది, చూసినవారి మనసులో లేనిపోని పోలిక రేపుతుంది. స్తోమతు ఉన్నంత దూరమే వెళ్లాలి. పక్క జిల్లాలోని చెరువు గట్టు కూడా పిల్లలకు ప్రయాణమే.

తిరిగి వచ్చాక

దైవప్రవక్త (స) ప్రయాణం నుండి తిరిగి వస్తే ముందుగా మసీదుకు వెళ్లి రెండు రకాతులు చదివేవారు. ఆయనకు ఎదురేగడానికి ఇంటి పిల్లలను తీసుకువెళ్లేవారు. ఒకసారి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి)ను తన ముందు, హజ్రత్ ఫాతిమా (రజి) కుమారులలో ఒకరిని తన వెనుక కూర్చోబెట్టుకొని, ఒకే వాహనంపై ముగ్గురూ మదీనాలో ప్రవేశించారు. ప్రయాణపు అలసట తీరకముందే ఆయన చేసిన పని పిల్లలను ఎక్కించుకోవడం. ఆ సవారీని అబ్దుల్లాహ్ (రజి) మరచిపోలేదు గనుకనే ఆ విషయం మనదాకా వచ్చింది.

మన పిల్లలు కూడా మన ప్రయాణాలను ఏదో ఒకనాడు ఎవరికో ఒకరికి చెబుతారు. ఏమి చెబుతారన్నది మన చేతుల్లో ఉంది. పసివారు పసివారిగా ఉండే ఏళ్లు చాలా తక్కువ. బిడారులో చివరివాడు నేడు మన చేయి పట్టుకున్నాడు; రేపు మనం ముసలివారమై చివరివారమవుతాము, అప్పుడు నడకను నిర్ణయించేది అతడు. నెమ్మదిగా నడవడం అతడు నేర్చుకునేది ఈ రోడ్ల మీదే.

అల్లాహ్ మన ప్రయాణాలన్నిటినీ క్షేమకరం చేయుగాక! దారిలో ఉన్న ప్రతి కుటుంబాన్ని సురక్షితంగా ఇల్లు చేర్చుగాక! మనపై ఆయన చూపిన సౌలభ్యాన్ని మన చిన్నారులపై చూపే బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.